టీనేజ్ పిల్లోళ్లకు రీడింగ్ ఛాలెంజ్, కడపలో ఎట్ల పెట్టాల?

ప్రశ్న: మా వీధిలో ఎనిమిది నుంచి పదో క్లాసు పిల్లోళ్లు ఉండారు, దసరా సెలవుల్లో లైబ్రరీకి పిల్చకపోయి ఛాలెంజ్ పెడదామనుకుంటాండా, ఎన్ని పుస్తకాలని లెక్క పెట్టాల్నా?

జవాబు: పుస్తకాల లెక్క వద్దక్కా, సన్నవే ఏరుకుంటారు. రోజుకు 20 నిమిషాలని పెట్టండి. బొమ్మల కథలు, క్రికెట్ పేజీ చదివినా ఒప్పుకోండి.

జవాబు: ఒకరోజు సి.పి. బ్రౌన్ లైబ్రరీ చూపించండక్కా. 1820లో కడపకొచ్చిన, తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర బ్రౌన్ బంగ్లా ఉన్న జాగాలోనే కట్టినారు, తాళపత్రాలు కూడా ఉండాయి, ఆయన వేమన పద్యాలు 1829లో అచ్చేయించినాడు కాబట్టి రోజుకో వేమన పద్యం కూడా చేర్చండి, మన సీమ పిల్లోళ్లకు ఇది కచ్చితంగా తెలియాల.

జవాబు: ప్రైజులు గ్రంథాలయ వారోత్సవాల్లో ఇప్పించండి, నవంబర్ 14 నుంచి 20 దాకా జరుగుతాయి. లైబ్రేరియన్ సార్‌ను ముందే అడగండి.