ఒక్క పది సెంట్ల బిళ్ళ కోసం కథలో తేదీ మార్చాలా?

పెన్సిల్‌ముక్క:
నా నవల న్యూయార్క్‌లో జరుగుతుంది. హీరో ఏడాది క్రితం అక్కడికి చేరిన తెలుగు కుర్రాడు. 1986 జనవరి 28, ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన రోజు. సాయంత్రం షాపు అద్దాల వెనక టీవీల్లో అదే పొగ మళ్ళీ మళ్ళీ చూసి, భూగర్భ రైలెక్కడానికి సబ్‌వేలోకి దిగుతాడు. బూత్ కిటికీ కింద గుంటలోకి డాలరు నోటు తోస్తే గేటులో వేసే టోకెనూ, చిల్లరగా పది సెంట్ల బిళ్ళా వస్తాయి. ఆ బిళ్ళ చివరి అధ్యాయం దాకా జేబులోనే ఉంటుంది. అంతా రాశాక తెలిసింది, 90 సెంట్ల ఛార్జీ 1985తోనే సరి. 1986 జనవరి 1 నుంచి డాలరు. చిల్లరే రాదు! ఛాలెంజర్‌నీ వదలలేను, బిళ్ళనీ వదలలేను.

సందేహాల_రాయుడు:
అలాగే ఉంచెయ్యండి. రాసేది నవలా, రైల్వే టైంటేబులా? చదివేవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి టోకెన్ అంటేనే తెలీదు.

అర్ధరాత్రి_రైలు:
ఆ మిగిలిన ఒక్కడి గురించే నా గొడవంతా. ఐదువందల ఏళ్ళ నాటి కథకి సాక్షులు రారు. నలభై ఏళ్ళ నాటి ఊరికి ఇంకా ఉన్నారు. టోకెన్ దగ్గర దొరికిపోతే, ఆ కుర్రాడి దుఃఖాన్నీ వాళ్ళు నమ్మరు.

క్వీన్స్_పాతకాపు:
ఆ సాక్షుల్లో నేనొకణ్ణి. నాలాంటివాళ్ళని అడిగి ఊరుకోకండి. 1983లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మా ఫోన్ నంబరు 718 కోడ్‌తో మొదలయ్యేదని మొన్నటిదాకా ఒట్టేసి చెప్పేవాణ్ణి. 718 వచ్చిందే 1984 సెప్టెంబర్‌లో, అంతకుముందు మాకూ 212నే. ఇంటికి రాసిన పాత ఉత్తరంలో నా చేతిరాతే నన్ను పట్టించింది. 1980ల మధ్యలో పన్నుల లెక్క కోసం ఊళ్ళోని ప్రతి భవనానికీ ఫోటో తీశారు, మున్సిపల్ ఆర్కైవ్స్ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. మా వీధి తెరిచి చూస్తే, బట్టల షాపు అనుకున్నది కాస్తా బూట్ల షాపు!

అయితే ఆ ఫోటోల్లో లేనిది ఒకటుంది. అప్పట్లో రైలు కిటికీల మీద కూడా గ్రాఫిటీ, అంటే రంగుల రాతలు, పూసేసేవాళ్ళు. బయట ఏ స్టేషనో కనపడేది కాదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని దిగేవాళ్ళం. 1989 మే తర్వాత ఆ బోగీలు లేవు.

సందేహాల_రాయుడు:
చూశారా, వేళ్ళ మీద లెక్క ఏ కాగితంలో దొరుకుతుంది? నంబరు తప్పినా ఊరు మీలోనే ఉంది. కథకి అది చాలు.

అర్ధరాత్రి_రైలు:
పాత్రకి తప్పు గుర్తుండొచ్చు. రచయిత తప్పు రాయకూడదు. పెన్సిల్‌ముక్క గారూ, బిళ్ళ రాకపోవడమే సీను చెయ్యండి. డాలరు తోస్తాడు. టోకెన్ వస్తుంది. చెయ్యి గుంటలోంచి తియ్యకుండా నిలబడతాడు. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటారు.

సందేహాల_రాయుడు:
ఛార్జీ మారి నాలుగు వారాలైతే ఈయనొక్కడికే తెలీదా?

పెన్సిల్‌ముక్క:
తెలీదు! డిసెంబర్‌లో తండ్రి పోతే ఇండియా వెళ్ళి, కర్మకాండలయ్యాక ముందు రోజు రాత్రే దిగాడు. రెండో అధ్యాయంలో రాసి ఎక్కడా వాడుకోలేదు దాన్ని. ఇక చివరి అధ్యాయం మొత్తం తిరగరాయాలి, జేబులో బిళ్ళ లేదుగా. రాయుడు గారూ, మిమ్మల్నే తిట్టుకుంటూ రాస్తాను.