మద్దిలపాలెంలో కనబడకుండా పోయిన కుర్రాడి కేసు: సోమవారం డబుల్ టిక్ ఎలా పడింది?

గాజువాక_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్కారం. వారం పైనుంచి వైజాగ్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న పోస్టర్ మీరూ చూసే ఉంటారు, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్ అబ్బాయి, నల్ల బ్యాగు. ఈరోజుకి తొమ్మిదో రోజు. ఆ ఫ్యామిలీ నాకు తెలీదు కానీ మా తమ్ముడిదీ అదే వయసు, డ్యూటీలో కూర్చున్నా ఆ పిల్లాడి మొహమే కళ్ళ ముందు తిరుగుతోంది. మేం ఆరుగురం కలిసి ఒక టైమ్‌లైన్ రాసుకున్నాం.

శనివారం సాయంత్రం హాస్టల్ నుంచి బయల్దేరాడు, మద్దిలపాలెంలో ఒక సెల్ షాపు కెమెరాలో 8:40 కి హైవే వైపు నడుస్తూ కనబడ్డాడు, 9:25 కి ఫోన్ ఆఫ్, లాస్ట్ టవర్ కైలాసగిరి అని వాళ్ళ నాన్నగారే లోకల్ చానల్‌తో చెప్పారు. అక్కడి నుంచి ఏమీ లేదు. కానీ సోమవారం పొద్దున్న 11:10 కి ఫ్రెండ్స్ పంపిన మెసేజులన్నిటికీ ఒక్కసారిగా డబుల్ టిక్ పడింది! అంటే ఫోన్ ఆన్ అయినట్టే కదా, మరి పోలీసుల్ని అడిగితే ఫోన్ ఆన్ కాలేదంటున్నారంట. మా గ్రూపులో ఎక్కువమంది అనుమానం రూమ్మేట్ మీద, ఫోన్ వాడి దగ్గరే ఉండి కాసేపు ఆన్ చేశాడని. రూమ్మేట్ ఇన్‌స్టా ఫోటో పెట్టి పబ్లిక్‌లో అడుగుదాం అంటున్నారు, ఇంకొకాయన 5 వేలు ఇస్తే కాల్ డేటా తెప్పిస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు? ఇంకేం చూడాలి?

సెల్‌పాయింట్_బాబీ:
అన్నా ముందు ఆ ఫోటో ఆపండి. నేను మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను, మీ పోస్టు చదివి ఇప్పుడే కౌంటర్ మీద ట్రై చేసి చూశాను. నా రెండో ఫోన్ నంబర్‌ని షాపు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్‌కి కలిపి, ఆ ఫోన్ పూర్తిగా స్విచ్ఛాఫ్ చేసి, ల్యాప్‌టాప్ మూత వేసేసి, మా కుర్రాడి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టించాను. సింగిల్ టిక్. ఐదు నిమిషాలాగి ల్యాప్‌టాప్ తెరిచి వైఫై పట్టగానే టక్‌మని డబుల్ టిక్. ఫోన్ మాత్రం నా చేతిలో చచ్చినట్టు ఆఫ్‌లోనే ఉంది.

డబుల్ టిక్ అంటే ఆ అకౌంట్‌కి లింక్ అయిన ఏదో ఒక డివైస్‌కి మెసేజ్ చేరినట్టు, ఫోన్‌కే చేరక్కర్లేదు. ఫోన్ వాడకపోయినా 14 రోజుల దాకా ల్యాప్‌టాప్‌లో లాగిన్ అలానే ఉంటుంది. ఇంజనీరింగ్ కుర్రాడికి ల్యాప్‌టాప్ లేకుండా ఉంటుందా? సోమవారం 11 గంటలకి హాస్టల్ రూమ్‌లో ఆ ల్యాప్‌టాప్ ఎవరు తెరిచారో వాళ్ళ నాన్నగారిని అడగండి, నాకు తెలిసి ఆయనే తెరిచుంటారు.

ఇంకోటి, అది ఇప్పటికీ లాగిన్‌లో ఉంటే ఎవరూ లాగౌట్ కొట్టకండి, ఏమీ డిలీట్ చెయ్యకండి. గూగుల్ అకౌంట్ కూడా అందులో తెరిచే ఉంటే అక్కడ కూడా ఏదైనా దొరకొచ్చు. ఇంకెవరూ కెలక్కుండా పోలీసుల ముందే చూడండి.

తగరపువలస_పాప:
టవర్ కైలాసగిరి అనగానే అందరూ బీచ్ బీచ్ అని రాసేస్తన్నారు, ఏటండీ ఇది. కొండ మీద నుంచి సిగ్నల్ చాలా దూరం అందుతాది, హనుమంతవాక, విశాలాక్షినగర్, హైవే మీద ఎండాడ వైపు దాకా ఆ కొండ ఎదురుగానే కనబడతాది కదా. టవర్ అంటే ఫోన్ ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉందని, కొండ ఎక్కాడనీ కాదు, సముద్రంలో దిగాడనీ అసలే కాదు. 2022 జూలైలో ఆర్కే బీచ్‌లో ఒకావిడ కనబడలేదని నేవీ హెలికాప్టర్, కోస్ట్‌గార్డ్ బోట్లు పెట్టి సముద్రమంతా గాలించారు, ఊరంతా అలలు లాక్కుపోయాయనేసుకున్నాం, తీరా ఆవిడ క్షేమంగా బెంగళూరులో ఉన్నాది. అప్పట్నుంచీ నేను సముద్రం మాట ముందు ఎత్తను.

మా నాన్న 222 నంబరు బస్సులో కండక్టర్‌గా చేశారు. ఆయన్నడిగాను. మద్దిలపాలెంలో బస్సెక్కితే ఇసుకతోట, వెంకోజీపాలెం దాటి హనుమంతవాకకి పది పదిహేను నిమిషాలు చాలు, 45 నిమిషాలు పట్టదు. కాబట్టి మధ్యలో ఎక్కడో ఆగాడు, లేదంటే బస్సే ఎక్కలేదు. ఎక్కుంటే మాత్రం టికెట్ మిషన్‌లో ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎన్ని గంటలకి కొట్టారో ఉంటాది, ఫోన్‌పేతో ఇచ్చాడంటే ఇంకా తేలిక. డిపోలో పోలీసులు అడిగితే తీసిస్తారు, మనం అడిగితే ఇవ్వరు.

ట్రైన్ కూడా, అందరూ మెయిన్ స్టేషన్ కెమెరాలే అడుగుతున్నారు. చాలా బళ్ళు వైజాగ్ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి, గాజువాకలో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు. దువ్వాడ కూడా చూడమనండి.

అక్క_సీతమ్మధార:
బాబూ, మీ పోస్టు చదివాక చెయ్యి వణికింది. రాద్దామా వద్దా అని గంట ఆలోచించి రాస్తున్నాను, కొంచెం పెద్దదవుద్ది.

నాలుగేళ్ళ కింద మా తమ్ముడు ఇలాగే వెళ్ళిపోయాడు. డిగ్రీ ఫైనలియర్. మేం భయంలో పోస్టర్ మీద మా నాన్న నంబరు వేసేశాం. మూడో రాత్రి ఒంటిగంటకి ఫోన్, మీవాడు మా దగ్గరున్నాడు, 20 వేలు కొట్టండి, తుని వచ్చి తీసుకెళ్ళండి అని. నాన్న డబ్బు వేసేసి అప్పటికప్పుడు ఆటో మాట్లాడుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరిగెత్తారు, తెల్లారేదాకా తుని బస్టాండులో నిలబడ్డారు. ఎవరూ రాలేదు, ఆ నంబరు మళ్ళీ ఎత్తలేదు. కాబట్టి పోస్టర్ మీద స్టేషన్ నంబరో 112 నో వెయ్యండి, ఇంటి నంబరు వెంటనే తీయించండి.

ఇక రూమ్మేట్ సంగతి. మా తమ్ముడి ఫ్రెండ్ ఒకబ్బాయి, ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే కంచం. ఫేస్‌బుక్‌లో ఎవరో ఆ అబ్బాయి ఫోటో పెట్టి వీడికే తెలుసు వీణ్ణి నాలుగు తగిలిస్తే చెప్తాడు అని రాశారు. ఆ పిల్లాడు కాలేజీ మానేశాడు, వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మేం ఆ పోస్టు పెట్టలేదమ్మా అని చెప్పినా ఆవిడ వినే స్థితిలో లేదు.

23వ రోజు మావాడు దొరికాడు, హైదరాబాద్‌లో ఒక మెస్‌లో గిన్నెలు తోముకుంటూ. బ్యాక్‌లాగ్స్ ఏడున్నాయని ఇంట్లో చెప్పలేక వెళ్ళిపోయాడు. అసలు చెప్పాల్సింది ఇది. వాడు అక్కడ మెస్ ఓనర్ ఫోన్‌లో రోజూ అవన్నీ చదివాడంట. లవ్ ఎఫైర్ అని, గంజాయి అని, చచ్చిపోయుంటాడు అని, ఫ్రెండే చంపేశాడు అని. నాలుగో రోజే వచ్చేద్దాం అనుకున్నాను అక్కా, అవి చదివాక ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని దిగను అన్నాడు. పందొమ్మిది రోజులు, మా అమ్మ అన్నం సరిగ్గా తినని రోజులు, ఆ రాతల వల్ల పోయాయి.

ఆ అబ్బాయి కూడా ఇప్పుడు ఎక్కడో కూర్చుని ఈ పేజీ చదువుతుండొచ్చు. నాన్నా, చదువుతుంటే విను, ఇంటికి చెయ్యలేకపోతే 14416 కి చెయ్యి, మనసు బాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు, డబ్బులక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి నువ్వు బతికున్నావన్న ఒక్క మాట చాలు, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

జూనియర్_లాయర్_వైజాగ్:
పై మేడమ్ రాసిన దానికి నేను కలపగలిగింది కొంచెమే. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్ బాంబులప్పుడు రెడ్డిట్ అనే చర్చల సైట్‌లో కూడా ఇలాగే అయింది. మార్చి నుంచి కనబడకుండా పోయిన ఒక బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాణ్ణి, ఫోటో పోలికలు చూసి బాంబులు పెట్టింది ఇతనే అనేశారు. కొడుకుని వెతుక్కోవడానికి ఆ కుటుంబం పెట్టుకున్న ఫేస్‌బుక్ పేజీ నిండా తిట్లు. ఏప్రిల్ 23న ఆ అబ్బాయి శవం నదిలో దొరికింది, బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడ్డిట్ వాళ్ళు క్షమాపణ చెప్పారు, కానీ ఆ రోజులు ఆ తల్లిదండ్రులకి తిరిగి ఇవ్వలేరు కదా.

కాల్ డేటా కొనడం నేరం బ్రదర్, ఆ 5 వేల మనిషిని గ్రూపులోంచి తీసెయ్యండి. అది పోలీసులు రాతపూర్వకంగా అడిగితేనే కంపెనీ ఇస్తుంది.

మీరు చెయ్యగలిగింది, అదీ వెంటనే చెయ్యాల్సింది, సీసీ కెమెరాలు. డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగ్ దాచే పెట్టెలో, హార్డ్‌డిస్క్ నిండగానే పాతది దానంతటదే చెరిగిపోతుంది, చిన్న షాపుల్లో 15 రోజులుంటే గొప్ప. మీది తొమ్మిదో రోజు. ఫుటేజ్ మీరు తీసుకోవద్దు, స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి గ్రూపుల్లో తిప్పితే కోర్టులో దాన్ని నిలబెట్టడం కష్టం, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో ఒరిజినల్ నుంచి తీయాలి. ఏ షాపుకి కెమెరా ఉంది, ఎటు చూస్తోంది, ఎన్ని రోజులు ఉంచుతారు, ఈ మూడూ కాగితం మీద రాసి వాళ్ళ నాన్నగారితో స్టేషన్‌లో ఇప్పించండి, అందినట్టు సంతకం తీసుకోండి. మరీ ముఖ్యంగా డీవీఆర్ గడియారం మీ ఫోన్ టైమ్‌తో పోల్చి చూడండి, ఎవరూ సరిచెయ్యరు, ముందుకో వెనక్కో పోతూనే ఉంటుంది.

గాజువాక_నైట్‌షిఫ్ట్:
నిన్న డ్యూటీ మార్చుకుని మద్దిలపాలెం వెళ్ళాను. రూమ్మేట్ ఫోటో ఎవరూ పెట్టకుండా గ్రూపులో తీయించేశాను, అనుమానించినందుకు అతనికి మెసేజ్ పెట్టి సారీ చెప్పాను, ఇంకా చూడలేదు. ల్యాప్‌టాప్ తెరిచింది వాళ్ళ నాన్నగారే, సోమవారం కజిన్‌తో కలిసి పాస్‌వర్డ్ కనుక్కుని తెరిచారంట, బాబీ నువ్వన్నట్టే. పోస్టర్ మీద నంబరు కూడా మార్పించాను, అప్పటికే రెండు ఫోన్లొచ్చాయంట డబ్బులడుగుతూ.

సెల్ షాపు డీవీఆర్ టైమ్ చూస్తే నా ఫోన్ కంటే 17 నిమిషాలు ముందుంది! అంటే 8:40 కాదు, నిజానికి 8:23. అక్కడి నుంచి 9:25 అంటే గంట పైన. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా నేను నడిచి చూశాను, మధ్యలో షాపుల దగ్గర ఆగకుండా లెక్కేస్తే దగ్గరదగ్గర గంట. బస్సెక్కలేదేమో, నడిచే వెళ్ళాడేమో అనిపిస్తోంది, అనిపించడమే, అంతకు మించి అనను. దారిలో సర్వీస్ రోడ్డు వైపు తిరిగున్న కెమెరాలు 11 లెక్కపెట్టి రాసుకున్నాను. వెంకోజీపాలెం దగ్గర ఒక పెట్రోల్ బంక్ మేనేజర్ గారు పోలీసుల లెటర్ లేకుండా చూపించనన్నారు, కానీ రికార్డింగ్ 15 రోజులు ఉంటుంది, నేను చెరగనివ్వను, తొందరగా రండి అన్నారు.

ఈరోజు పదో రోజు. 10 గంటలకి వాళ్ళ నాన్నగారు స్టేషన్ దగ్గరికి వస్తానన్నారు, లిస్టు రెండు కాపీలు తీసుకుని బయల్దేరుతున్నాను.