వీల్‌చెయిర్, పాప, రోజుకు 40 కిలోమీటర్లు: ఏ చిన్న కారు తీసుకోవాలి?

అమ్మకూచి:

నమస్తే అండీ. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొనాలి. మూడు వారాలుగా చూస్తున్నాను, చూసినకొద్దీ అయోమయం పెరుగుతోంది. నా సంగతి చెప్తాను, మీరే దారి చూపించండి.

ఇంట్లో ముగ్గురం. నేను, ఏడేళ్ల పాప, అమ్మ. అమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది, అంతకు మించి వీల్‌చెయిరే. ఆఫీసుకి రానూపోనూ 40 కిలోమీటర్లు, అందులో సగం దారి ట్రాఫిక్. వారానికి రెండుసార్లు అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి, అప్పుడు పాప కూడా వెనక సీట్లో ఉంటుంది. పార్కింగ్ రెండు స్తంభాల మధ్య. బండి పెట్టాక నేనొక్కదాన్ని పక్కకి తిరిగి బయటికొచ్చేంత సందు మిగులుతుంది. కాబట్టి పెద్ద బండి కుదరదు.

ఇప్పుడున్న పాత హ్యాచ్‌బ్యాక్‌తో నా బాధంతా డిక్కీతోనే. కుర్చీ 17 కిలోలు. డిక్కీ అంచు దాదాపు నా నడుము ఎత్తున ఉంటుంది, లోపలి నేలేమో దానికి జానెడు కింద. కుర్చీని ఎత్తాలి, అంచు దాటించాలి, వంగి మళ్లీ లోపలికి దించాలి. తీసేటప్పుడూ అదే తంతు. పోయిన నెల వానలో ఈ పని చేస్తుంటే అమ్మ ముందు సీట్లో కూర్చుని అద్దంలోంచి నన్నే చూస్తోంది. ఎక్కాక, "నా వల్ల నీ నడుం పోతోందే" అంది. బండి మార్చాలని ఆ రోజే అనుకున్నాను.

చూస్తున్నవి నాలుగు, అన్నీ కొత్త మోడళ్లే. డిక్కీ లెక్క ఇలా ఉంది: సుజుకీ స్విఫ్ట్ 265 లీటర్లు, టొయోటా యారిస్ 286, హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా ఉండే) హోండా జాజ్ 304, ఫోక్స్‌వ్యాగన్ పోలో 351. ఈ లెక్కన పోలోయే పెద్దది. కళ్లు మూసుకుని అదే తీసుకోవచ్చా?

సెకండ్ గేర్:

స్తంభాల మధ్య పార్కింగ్ అంటున్నారు కాబట్టి స్విఫ్ట్‌ని తీసిపారేయకండి. టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లు, పొడవు 3.9 మీటర్ల లోపే. ఇరుకు సందుల్లో ఒక్క రివర్స్‌తో తిరిగిపోతుంది. నేను రోజూ నడుపుతాను, బండి తేలిగ్గా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది.

పాపకి సంబంధించి ఒక్క విషయం. 2017లో వచ్చిన మోడల్‌లో వెనక డోర్ హ్యాండిల్ పైన, కిటికీ పక్కన ఉంటుంది. చిన్నపిల్లలకి అందడం కష్టం. తర్వాతి మోడల్‌లో మామూలుగానే డోర్ మీదికి తెచ్చారు. సెకండ్ హ్యాండ్ చూస్తే ఇది గుర్తుంచుకోండి. కుర్చీ సంగతి అనుభవం ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

టేపుకొలత:

అమ్మకూచి గారూ, మా నాన్నగారిని ఆరేళ్లు చిన్న కార్లలోనే తిప్పాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఆరేళ్లలో నేర్చుకున్నది మీకు పనికొస్తే నాకు అంతకన్నా ఏం కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు ఆ లీటర్ల లెక్క పక్కన పెట్టండి. డిక్కీని నీళ్లతో కొలవరు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మల్ని పేరుస్తారు. ఒక్కో దిమ్మ సరిగ్గా ఒక లీటరు. మూలల్లో, చక్రం ఉబ్బు పక్కన, ఎక్కడ ఇరికినా అది లెక్కలోకే వస్తుంది. మీ కుర్చీ దిమ్మ కాదు, మూలల్లో ఇరకదు. దానికి కావాల్సింది వంకర లేని ఖాళీ, ఎత్తు తక్కువ అంచు. పోలో మంచి బండే. చాలా వేరియంట్లలో డిక్కీ నేలని రెండు ఎత్తుల్లో అమర్చుకోవచ్చు. పలకని పైకి పెడితే అంచుకీ నేలకీ తేడా బాగా తగ్గుతుంది, మీ నడుముకి సుఖం. కాకపోతే 351 అనేది పలక కిందున్నప్పటి లెక్క. పైకి పెట్టాక మిగిలే ఎత్తులో కుర్చీ పడుతుందో లేదో అక్కడే చూసుకోవాలి.

డిక్కీ కన్నా ముందు చూడాల్సింది అమ్మగారు కూర్చునే సీటు. మీరు కుర్చీని ఎత్తేది రెండు నిమిషాలు. ఆవిడ ఎక్కీ దిగేటప్పుడు పడే కష్టం, భయం రోజంతా మనసులో ఉంటాయి. సీటు మరీ కిందుంటే కూర్చునేటప్పుడు ధబ్బున పడతారు, లేచేటప్పుడు మనం లాగాలి. మా పాత బండిలో నాన్న దిగే ప్రతిసారీ నా భుజం పట్టుకుని కళ్లు మూసుకునేవారు. సీటు ఎత్తున్న బండి మార్చాక ఆ కళ్లు మూసుకోవడం పోయింది. అందుకే మీ కుర్చీ సీటు ఎత్తు కొలుచుకుని వెళ్లండి. కారు సీటు దాదాపు అదే ఎత్తున ఉంటే ఒంటి బరువు అటునుంచి ఇటు జరపడమే, ఎత్తడం ఉండదు. డోర్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో కూడా చూడండి, కుర్చీ సీటు పక్కదాకా రావాలి కదా.

ఎక్కించే పద్ధతి ఇది. ముందు వీపు సీటు వైపు పెట్టి కూర్చోబెట్టాలి, తల పైన తగలకుండా మన చెయ్యి అడ్డం పెట్టాలి, ఆ తర్వాతే రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద ఒక ప్లాస్టిక్ కవర్ పరిస్తే గుడ్డ రాపిడి లేకుండా నున్నగా తిరుగుతారు. తిరిగాక కవర్ తప్పకుండా లాగేయండి. లేదంటే బ్రేక్ వేసినప్పుడు మనిషి బెల్టు కింద నుంచి జారే ప్రమాదం ఉంది.

ఇక జాజ్. ఈ బండి గురించి మీకు ఎవరూ చెప్పలేదేమో. 2001లో తొలి మోడల్ నుంచీ దీని పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద కాకుండా ముందు సీట్ల కింద ఉంటుంది. అందువల్ల వెనక సీటు కింద ఖాళీ. కూర్చునే భాగాన్ని సినిమా హాల్లో కుర్చీలాగా పైకి మడిచేయొచ్చు. నేల నుంచి కప్పుదాకా ఖాళీ వస్తుంది. నేను ఫుట్‌రెస్టులు తీసేసి, మడిచిన కుర్చీని వెనక డోర్ లోంచి అడ్డంగా తోసి నిలబెట్టేవాణ్ణి. ముందు చక్రాలు గడప మీద పెట్టి నెట్టడమే, సగం బరువు కారే మోస్తుంది. డిక్కీ తెరిచే పనే లేదు. సీటు 60:40గా విడివిడిగా లేస్తుంది కాబట్టి రెండో వైపు పాప కూర్చోవచ్చు. పెద్ద భాగం ఏ వైపుందో మాత్రం చూసుకోండి. అమ్మగారి వైపే ఉంటే బండి చుట్టూ తిరగక్కర్లేదు.

హైబ్రిడ్ వచ్చాక దీని డిక్కీ 354 నుంచి 304 లీటర్లకి తగ్గింది. మీ అవసరానికి ఆ తేడా లెక్కలోకే రాదు.

కుర్చీని ఊరికే నిలబెట్టి మాత్రం వదలొద్దు. గట్టి పట్టీతో కదలకుండా కట్టండి. సడన్ బ్రేక్ కొడితే 17 కిలోల ఇనుము పాప పక్కనే ఉంటుంది.

ఉదయం షిఫ్టు:

గేర్‌బాక్స్ గురించి ఎవరూ ఎత్తలేదు. సగం దారి ట్రాఫిక్ అంటే ఎడమ కాలికి క్లచ్ నరకమే, ఆటోమేటిక్ తీసుకోండి. అందులోనూ ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌నే మెషీన్ మారుస్తుంది, గేరు మారినప్పుడల్లా తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ ఊపు మంచిది కాదు. జాజ్, యారిస్ హైబ్రిడ్‌లు మెల్లగా వెళ్లేటప్పుడు ఎక్కువగా మోటార్ మీదే నడుస్తాయి, కుదుపు తెలియదు. బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగొస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లోనే మైలేజీ కూడా బాగుంటుంది.

ఇంకొకటి, స్టెప్నీ ఉందో లేదో అడగండి. చాలా కొత్త బండ్లలో పంక్చర్ కిట్టే ఇస్తున్నారు. టైరు పక్క గోడ చినిగితే ఆ కిట్ పనికిరాదు. అమ్మగారితో రోడ్డు మీద ఆగిపోతే టెన్షన్.

అమ్మకూచి:

అందరికీ ధన్యవాదాలు. టేపుకొలత గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. కళ్లు మూసుకోవడం దగ్గర, "నేనూ అంతే" అంది. రెండేళ్లుగా పక్కనే ఉండి నేను గమనించలేదు.

శనివారం అమ్మని, పాపని, కుర్చీని అందర్నీ తీసుకెళ్లాం. పోలోలో పలక పైకి పెడితే కుర్చీ ఎక్కించడం నిజంగా తేలికైంది, కానీ పెద్ద చక్రాలు ఊడదీస్తే గానీ డిక్కీ మూత పడలేదు. ఫుట్‌రెస్టులు లేకుండా మా కుర్చీ పొడవు 82 సెంటీమీటర్లు. జాజ్‌లో అడ్డంగా నిలబడింది, పాప తన బూస్టర్ సీటు పెట్టుకుని పక్కన కూర్చుంది. ప్లాస్టిక్ కవర్ ఇంటి నుంచే పట్టుకెళ్లాను. అమ్మ మొదటిసారే తిరిగి కూర్చుంది, నా భుజం పట్టుకోలేదు. సేల్స్ అబ్బాయి ఫీచర్లు చెప్తుంటే, "బాబూ, ఒకసారి దిగి మళ్లీ ఎక్కనా?" అని అడిగింది. మూడుసార్లు ఎక్కి దిగింది.

స్టెప్నీ సంగతి సోమవారం అడుగుతాను. టేపుకొలత గారూ, మీరు కుర్చీని ఏ పట్టీతో, దేనికి కట్టేవారు?

టేపుకొలత:

లగేజీ కట్టే రాట్చెట్ పట్టీ అండీ. కుర్చీ ఫ్రేములో రెండు చోట్ల దూర్చి, సీటు వెనక భాగం అడుగున ఉండే ఇనుప కొక్కేలకి బిగించేవాణ్ణి. ప్లాస్టిక్ భాగాలకి కట్టకండి. బిగించాక చేత్తో గట్టిగా ఊపి చూడండి, కుర్చీతో పాటు కారు ఊగాలి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.