అప్‌డేట్: బతుకమ్మ పాట మీద పడ్డ కాపీరైట్ క్లెయిమ్ పోయింది

మా ఊరి బతుకమ్మ పాటను హన్మకొండలో ఒక స్టూడియోలో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే, అందులోని సౌండ్ తమదని ఎవరో కాపీరైట్ క్లెయిమ్ వేశారని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. అది పోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "క్లెయిమ్ పాటలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూపిస్తుందో చూడండి" అన్న సలహా. చూస్తే పల్లవి కాదు, చరణం కాదు, మధ్యలో వచ్చే ఫ్లూట్ బిట్ ఒక్కటే! స్టూడియో అన్న సెషన్ (పాట రికార్డింగ్ ఫైల్) తెరిచి డప్పు, కోరస్, తాళాలు ఒక్కొక్కటే మ్యూట్ చేసుకుంటూ పోయాడు. చివరికి మిగిలిన ఆ ఫ్లూట్ ఎవరూ వాయించింది కాదు, ఆయన కొన్న లూప్, అంటే ముందే రికార్డు చేసి అమ్మే సౌండ్ ముక్క. అదే లూప్ వాడిన ఇంకెవరో తమ పాటను కంటెంట్ ఐడీలో (అదే సౌండ్ ఉన్న వీడియోలను పట్టుకుని క్లెయిమ్ వేసే యూట్యూబ్ వ్యవస్థ) పెట్టుకున్నారు. అందరికీ అమ్మే లూపులను అలా పెట్టకూడదని యూట్యూబ్ నియమం ఉంది, వినేదెవరు? లూప్ లైసెన్సు వివరాలు రాసి డిస్ప్యూట్ (అభ్యంతరం) వేశాం. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది, అంతకుముందే క్లెయిమ్ వదిలేశారు.

క్లెయిమ్ తప్పించుకోవడానికి పాట పిచ్ (శ్రుతి) మార్చే అవసరం పడలేదు. జానపదానికి హక్కులుండవన్న వాదనా ఇక్కడ అక్కరకు రాలేదు, ఎందుకంటే గొడవ పాట మీద కాదు, రికార్డింగ్ మీద. కాపీరైట్ రిజిస్ట్రేషన్‌తో కూడా దీనికి సంబంధం లేదు.

వరంగల్‌లో తెలిసిన వకీలు సార్ మాత్రం ఫ్లూట్ సంగతి వదిలేసి, కొత్త చరణాలు రాసిచ్చిన తమ్ముడితో కాగితం ఉందా అని అడిగారు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలట, కాలం రాయకపోతే 5 ఏళ్లే లెక్క. అదీ రాయించాం.

ఫ్లూట్ బిట్ తీసేయలేదు, బాగుంది మరి.