ఓనరమ్మ స్లొవీన్, మా లీడ్ చెక్: ఇద్దరూ ఒకటేనా? (క్లీవ్‌లాండ్‌లో ఇల్లు వెతుకుతున్నా)

కొత్తగా వచ్చినవాడు రాసింది:

అందరికీ నమస్కారం. హన్మకొండ నుంచి ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ వచ్చి మూడు వారాలైంది. యూనివర్సిటీ సర్కిల్ వైపు ఐటీ ఉద్యోగం. ఫ్రెండ్ వాళ్ళింట్లో సోఫా మీద పడుకుంటున్నాను, నెలాఖరుకి ఎక్కడో ఒకచోట దిగాలి. రెండు ఇళ్ళు చూశాను. ఒకటి యూక్లిడ్ అనే పక్క ఊళ్ళో పై పోర్షన్. కింద ఓనరమ్మ ఒక్కరే ఉంటారు, డెబ్బై దాటాయి, వాళ్ళ తాతగారు స్లొవేనియా నుంచి వచ్చారట. రెండోది పార్మా అనే ఇంకో ఊళ్ళో, మా టీమ్ లీడ్ వాళ్ళ అన్నగారి ఇల్లు. వాళ్ళు చెక్ వాళ్ళు.

'అందరూ ఈస్ట్ యూరప్ వాళ్ళే, తేడా ఏముంది' అన్నాడు ఫ్రెండ్. నేను తెలివితక్కువగా అదే మాట ఓనరమ్మ దగ్గర అనేశాను. ఆవిడ కోప్పడలేదు. 'శుక్రవారం మా హాల్‌కి రా, తేడా ఏమిటో చెబుతాను' అన్నారు. ఏం హాలు ఇది? వెళ్ళాలా? వీళ్ళ స్థితిగతులేమిటి, నేనెలా మసలుకోవాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

యూక్లిడ్‌లో 22 ఏళ్ళుగా ఉంటున్నవాడి జవాబు:

తమ్ముడూ, తప్పకుండా వెళ్ళు. హాల్‌కి పిలిచిందంటే ఇల్లు నీకే ఇద్దామని సగం అనుకున్నట్టే.

నువ్వన్న మాట కంటే ఘోరమైనది నేనన్నాను. వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయనతో 'మీది స్లొవేకియా కదా' అన్నాను. ఆయన గరాజ్‌లోకి వెళ్ళి పాత మ్యాప్ తెచ్చి, కారు బానెట్ మీద పరిచి, అరగంట క్లాసు పీకాడు. స్లొవేనియా ఇటలీకి, ఆస్ట్రియాకి ఆనుకుని ఉంటుంది. స్లొవేకియా వేరే దేశం, ఒకప్పుడు చెక్ వాళ్ళతో కలిసి ఉండేది. మనల్ని ఎవరైనా 'మీరు తమిళ్ మాట్లాడతారు కదా' అంటే ఎలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది.

ఇక అసలు తేడా. నాకు అర్థమైనంతలో అది రక్తంలో లేదు. ఎప్పుడు వచ్చారు, చేతిలో ఏం పట్టుకొచ్చారు అన్నదాంట్లో ఉంది.

చెక్ వాళ్ళు ముందు వచ్చారు. 1850ల నుంచే ఇక్కడ ఉన్నారు. చాలామంది పెళ్ళాం పిల్లలతో, ఊళ్ళో ఉన్న చిన్న పొలం ముక్క అమ్ముకుని, తిరిగి వెళ్ళే ఆలోచన లేకుండా వచ్చారు. చదవడం రాయడం దాదాపు అందరికీ వచ్చు. దర్జీలు, కమ్మర్లు, పీపాలు చేసే వడ్రంగులు, చుట్టలు చుట్టేవాళ్ళు, ఏదో ఒక పనితనం ఉన్నవాళ్ళు. 1862లో సాగుచేసుకునేవాళ్ళకి ప్రభుత్వ భూమి ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి పడమట భూములు తెరుచుకున్నాక కొందరు నెబ్రాస్కా, అయోవా వైపు సాగిపోయారు. మిగిలినవాళ్ళు బ్రాడ్‌వే అవెన్యూ చుట్టూ స్థిరపడ్డారు. వ్లచెక్ అని ఒక కమ్మరి ఇక్కడే కొలిమి పెట్టి, చివరికి పెద్ద పనిముట్ల ఫ్యాక్టరీకి యజమాని అయ్యాడు.

స్లొవీన్లు వచ్చేసరికి ఆ భూముల్లో మంచివి చాలావరకు అయిపోయాయి. ఎక్కువమంది 1890 నుంచి 1914 లోపు వచ్చినవాళ్ళే. ఒంటరి కుర్రాళ్ళు, రైతు కుటుంబాల్లో నాలుగో కొడుకో ఐదో కొడుకో, దారి ఖర్చులకి అప్పు చేసి వచ్చినవాళ్ళు. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి తిరిగిపోవాలన్నదే లెక్క, చాలామంది పోయారు కూడా. ఉన్నవాళ్ళకి దొరికింది సెయింట్ క్లెయిర్ అవెన్యూ చుట్టుపక్కల ఉక్కు, తీగల మిల్లుల్లో కూలిపని. ఒక ఇంటావిడ ఎనిమిది పది మందిని ఇంట్లో పెట్టుకుని, వండి పెట్టి, బట్టలు ఉతికి, ఇంటి అప్పు తీర్చేది. నైట్ షిఫ్ట్ వాడు లేచిన మంచం మీద డే షిఫ్ట్ వాడు పడుకునేవాడు. నీ సోఫా కష్టం వాళ్ళ ముందు ఏ మూలకి!

ఇంకోటి, అప్పట్లో వాళ్ళకి సొంత దేశం లేదు. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి వచ్చారు కాబట్టి అమెరికా కాగితాల్లో చాలామంది 'ఆస్ట్రియన్లు'గానే ఎక్కారు.

మిల్లులో చెయ్యి తెగితే ఆదుకునే దిక్కుండేది కాదు. ఒహాయోలో కార్మిక పరిహార చట్టం 1911లో గానీ రాలేదు. అందుకని వాళ్ళలో వాళ్ళే సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా చందా కట్టాలి, జబ్బు చేసినా మనిషి పోయినా సంఘం డబ్బిస్తుంది. మన చీటీల్లాంటిదే గానీ ఇందులో పాట ఉండదు, చావే పాట. చెక్ వాళ్ళకీ ఇలాంటివి ఉన్నాయి, వాళ్ళ మొదటి పెద్ద సంఘం 1854లోనే సెయింట్ లూయిస్‌లో పుట్టింది. స్లొవీన్లకి చర్చి తరఫున ఒకటి 1894లో, చర్చితో పడనివాళ్ళది ఒకటి 1904లో వచ్చాయి.

నిన్ను పిలిచిన హాలు ఆ సంఘాల బిడ్డ. ఒక్కొక్కరు, ఒక్కో సంఘం కొన్ని షేర్లు కొని భవనం కట్టుకున్నారు. అన్నిటికంటే పెద్దది సెయింట్ క్లెయిర్ మీద 1924లో తెరిచిన స్లొవీనియన్ నేషనల్ హోమ్. నాటకాలు, పెళ్ళిళ్ళు, యూనియన్ మీటింగులు, లైబ్రరీ, కింద బార్, అన్నీ ఒకే కప్పు కింద. మన కమ్యూనిటీ హాల్లాగా ఏ దాతో కట్టించి పేరు చెక్కించుకున్నది కాదు. తాత కొన్న షేరు మనవరాలి బీరువాలో ఉంటుంది. అందుకే వాళ్ళు వదల్లేదు.

నాకు వింతగా అనిపించేది ఇదే. ముందు వచ్చి, ముందు ఇళ్ళు కొని, ముందు నిలదొక్కుకున్న చెక్ వాళ్ళని ఇవాళ క్లీవ్‌లాండ్‌లో వెతుక్కోవాలి. వెనకొచ్చి మిల్లుల్లో మాడిన స్లొవీన్లు మాత్రం ఎదురుగా కనిపిస్తారు. 2000 జనాభా లెక్కల్లో తమది స్లొవీన్ మూలం అని రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద లక్షా డెబ్బై వేల పైచిలుకు. చెక్ అన్నవాళ్ళు 12 లక్షలు దాటారు. అయినా ఈ ఊళ్ళో స్లొవీన్ల చప్పుడే ఎక్కువ, ఎందుకంటే అమెరికాలో వాళ్ళ అతి పెద్ద కేంద్రం ఇదే. చెక్ వాళ్ళకి ఆ స్థానం షికాగోది. 1931లో ఆ నగరానికి మేయరైన సెర్మాక్ చెక్ వాళ్ళ ప్రాంతమైన బొహీమియాలో పుట్టినవాడే. ఇక్కడ స్లొవీన్ల బిడ్డ లౌష్ 1940లలో మేయరై, తర్వాత గవర్నరై, సెనేటర్ కూడా అయ్యాడు. తల్లి వైపు స్లొవీన్ అయిన వోయినోవిచ్‌దీ తర్వాతి కాలంలో అదే దారి. ఓట్లు ఒకేచోట గుంపుగా ఉంటే ఏమవుతుందో చూడు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 1944 అక్టోబర్ 20న ఆ సెయింట్ క్లెయిర్ పేటలోనే గ్యాస్ కంపెనీ ట్యాంకు నుంచి ద్రవ గ్యాస్ కారి, మురుగు కాలువల్లోకి చేరి పేలింది. 130 మంది పోయారు, వీధులకి వీధులు కాలిపోయాయి. బ్యాంకుల మీద నమ్మకం లేక ఇంట్లో దాచుకున్న డబ్బు కూడా బూడిదైందని పాతవాళ్ళు చెబుతారు. అయినా చాలామంది అక్కడే మళ్ళీ కట్టుకున్నారు. ఓనరమ్మ వయసు వాళ్ళు ఆ కథ వింటూ పెరిగారు. గ్యాస్ స్టవ్ విషయంలో ఆవిడ పది రూల్స్ పెడితే విసుక్కోకు.

పార్మా నుంచి ఒక అక్క:

అన్నయ్యగారు యూక్లిడ్ నీళ్ళు తాగి స్లొవీన్ల పక్షం అయిపోయారు. మా పక్కింటివాళ్ళు చెక్, పదహారేళ్ళుగా చూస్తున్నాను, రెండు మాటలు నావీ వినండి.

'ముందొచ్చి బాగుపడ్డారు' అనడం తేలిక. బ్రాడ్‌వే వైపు పీపాలు చేసే చెక్ వాళ్ళు పనిచేసింది రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీకి. కూలి తగ్గించారని 1877లో సమ్మె చేసి ఓడిపోయారు. తర్వాత మెషిన్లు వచ్చి ఆ పనితనానికే విలువ లేకుండా పోయింది. కూపర్ (పీపాలు చేసేవాడు) అని వంశవృక్షంలో గర్వంగా రాసుకుంటారు గానీ ఆ తాత పోయేనాటికి ఉక్కు మిల్లులో కూలీ, మా పక్కింటాయనే చెప్పారు.

చెక్ వాళ్ళు చెదిరిపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదనుకుంటాను. వాళ్ళలో సగానికి సగం చర్చి వదిలేసినవాళ్ళు. మాతృదేశంలో కాథలిక్ మతమంటే ఆస్ట్రియాని ఏలిన హాప్స్‌బర్గ్ రాజుల మతం, 1620లో తమని ఓడించినవాళ్ళ మతం. ఇక్కడికి రాగానే చాలామంది దాన్ని వదిలి ఫ్రీథింకర్లయ్యారు, అంటే ఏ చర్చి మాటా వినని స్వేచ్ఛావాదులు. ఒకే వీధిలో ఒకరు చర్చికి, ఒకరు సొకోల్ అనే చెక్ వ్యాయామ సంఘం వాళ్ళ శాలకి. పెళ్ళిళ్ళు, శ్మశానాలు కూడా వేరు. స్లొవీన్లలోనూ తగవులున్నాయి గానీ సెయింట్ వైటస్ చర్చి వాళ్ళని చాలాకాలం ఒకచోట పట్టి ఉంచింది.

చెక్ వాళ్ళు మాయమైపోలేదు సుమా. బ్రాడ్‌వే మీద 1897 నాటి బొహీమియన్ నేషనల్ హాల్ చూడండి, ఇప్పటికీ సొకోల్ వాళ్ళే నడుపుతున్నారు. చెక్, స్లొవాక్ సంఘాలు కలిసి ఒకే దేశం కావాలని 1915లో ఒప్పందం రాసుకున్నది ఆ హాల్లోనే. మూడేళ్ళకి చెకోస్లొవేకియా పుట్టింది. మనవాళ్ళు త్యాగరాజ ఆరాధనకి ఏటా ఎక్కడెక్కడి నుంచో ఈ ఊరికి వస్తారు గానీ ఆ భవనం ముందు కారాపినవాళ్ళని నేను చూడలేదు.

చుట్టుపక్కల పేట మాత్రం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2007లో ఇళ్ళ అప్పుల సంక్షోభం వచ్చినప్పుడు దేశంలో ఎక్కువ జప్తు కేసులు పడిన చోట్లలో ఆ జిప్‌కోడ్ పేరు మొదట వినిపించింది. అప్పటికి పాత చెక్ కుటుంబాలు చాలావరకు గార్ఫీల్డ్ హైట్స్, మేపుల్ హైట్స్, మా పార్మా వైపు వచ్చేశాయి. ఆ దెబ్బ ఎక్కువగా తిన్నది తర్వాత అక్కడ ఇళ్ళు కొన్న బీదవాళ్ళు, ముఖ్యంగా నల్లజాతి కుటుంబాలు.

పార్మా ఇల్లు తీసుకుంటే శివవిష్ణు గుడి దగ్గర, అదీ ఆలోచించుకోండి.

కొత్తగా వచ్చినవాడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఇంత ఉంటుందనుకోలేదు. ఓనరమ్మ ఇంకో మాట అన్నారు, 'సునీత సగం మీది, సగం మాది' అని. సునీతా విలియమ్స్ గురించేనా? ఇంకో సంగతి, నేను శుక్రవారం నాన్‌వెజ్ ముట్టను. శుక్రవారం హాల్లో ఫిష్ ఫ్రై అట. ఎలా?

యూక్లిడ్ అన్న:

అవును, ఆవిడే. 1965లో ఈ యూక్లిడ్‌లోనే పుట్టింది. నాన్న గుజరాతీ, అమ్మ స్లొవీన్ సంతతి. ఆ మాట ఈ హాళ్ళలో నీకు వెయ్యిసార్లు వినిపిస్తుంది, నవ్వి ఊరుకో.

అక్క చెప్పిన చర్చి సంగతి ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని తక్కువ చేసి చూశాను. అయితే ఒకటి కలపాలి. 1945లో యుగొస్లావియా (స్లొవేనియా అప్పుడు అందులో భాగం) కమ్యూనిస్టుల చేతికి వచ్చాక పారిపోయి, ఆస్ట్రియా శిబిరాల్లో గడిపి, 1949 ప్రాంతంలో ఇక్కడికి చేరిన స్లొవీన్లు వేరే రకం. చదువుకున్నవాళ్ళు, భక్తులు, కమ్యూనిస్టులంటే మండిపడేవాళ్ళు. పాత మిల్లు కూలీల పిల్లల్లో అక్కడి కమ్యూనిస్టు నాయకుడు టీటో అంటే అభిమానమున్నవాళ్ళు కొందరుండేవారు. రెండు గుంపులకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. చల్లారుతున్న భాషకి మళ్ళీ ఊపిరి పోసింది మాత్రం ఆ శరణార్థులే. కాబట్టి హాల్లో టీటో పేరు ఎత్తకు, ఎవరన్నా ఎత్తితే సూప్ మీద దృష్టి పెట్టు. 'బొహంక్' అనే మాట ఎక్కడన్నా వింటే అది బొహీమియన్, హంగేరియన్ అనే మాటలు కలిపి చేసింది, ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళందరినీ తిట్టే మాట, నోట రానీయకు.

శుక్రవారం చేప వద్దంటే పియెరోగి (కజ్జికాయల్లాంటి ఉడికించిన పిండి ముద్దలు), క్యాబేజీ నూడుల్స్ ఉంటాయి. అయితే క్యాబేజీలో బేకన్ వేస్తారేమో ముందే అడుగు. వాళ్ళూ లెంట్‌లో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో, శుక్రవారం మాంసం తినరు కాబట్టి నీ నియమం చెబితే మనకంటే బాగా అర్థం చేసుకుంటారు. పొటిట్సా అని వాల్‌నట్ చుట్టిన రొట్టె ఇస్తారు, పొరలు పొరలుగా కాజాలా ఉంటుంది. చెక్ వాళ్ళ కొలాచె అనే తీపి రొట్టెకి అది పోటీ, ఏది బాగుందని ఎవరడిగినా 'ఇంకో ముక్క తిని చెబుతా' అను. అకార్డియన్ మొదలైతే పోల్కా డాన్స్‌కి లాగుతారు. పోల్కా సంగీతంలో పేరుమోసిన ఫ్రాంకీ యాంకోవిక్ పెరిగిన కాలిన్‌వుడ్ పక్కనే మరి.

ఇల్లు విషయం. యూక్లిడ్ ఇప్పుడు స్లొవీన్ ఊరు కాదు, సగానికి పైగా ఆఫ్రికన్ అమెరికన్లు. స్లొవీన్ల పిల్లలు మెంటర్ అనే ఊరి వైపు వెళ్ళిపోయారు, హాళ్ళు మాత్రం ఇక్కడ ఉన్నాయి. ఇద్దరు ఓనర్లలో ఎవరి దగ్గర డబ్బెక్కువ అని చూడకు, ఇవాళ ఇద్దరూ మధ్యతరగతే. హీటింగ్ బిల్ అద్దెలో కలిసిందా, మంచు ఎవరు ఎత్తాలి, ఈ రెండూ లీజులో రాయించుకో. సరస్సు పుణ్యమా అని తూర్పు వైపు మంచు మరీ ఎక్కువ. పైగా డెబ్బై దాటినావిడ కింద ఉంటే పార ఎవరి చేతికొస్తుందో నీకు తెలుసు. యూక్లిడ్ అవెన్యూ, యూక్లిడ్ ఊరు వేరువేరు, జీపీఎస్‌లో చూసుకుని కొట్టు.

ఐదున్నరకల్లా హాల్‌కి చేరు. ఆరు దాటితే పార్కింగ్ దొరకదు.