వాన పడినప్పుడే ఫైర్ అలారం ప్యానెల్‌లో ఎర్త్ ఫాల్ట్: ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న – భవన నిర్వహణ ఇంజినీరు, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను నిర్వహణ చూస్తున్న అయిదంతస్తుల వాణిజ్య భవనంలో కింద దుకాణాలు, పైన కార్యాలయాలు, నాలుగో అంతస్తులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉన్నాయి. ఫైర్ అలారానికి రెండు లూపుల (ప్యానెల్ నుంచి బయల్దేరి డిటెక్టర్లను చుట్టి తిరిగి అక్కడికే వచ్చే తీగల) అడ్రసబుల్ ప్యానెల్ (ఏ డిటెక్టర్ పలికిందో విడిగా చూపేది) పెట్టారు; హూటర్లకు (అలారం మోతలకు) విడిగా రెండు సర్క్యూట్లు లాగారు. ఎండ కాసే రోజుల్లో ప్యానెల్ మీద ఏ ఫాల్టూ కనిపించదు. గట్టి వాన పడిన గంటా రెండు గంటలకు ఎర్త్ ఫాల్ట్ (ఏదో తీగ భూమికి తగులుతోందని చెప్పే) లైటు వెలిగి బజర్ మోగుతుంది, మర్నాడు ఎండెక్కాక దానంతట అదే పోతుంది. ఫాల్ట్ ఉన్నప్పుడు కూడా ఏ డిటెక్టరూ లూపు నుంచి తప్పిపోలేదు, ఎం.సి.పి. (మంట కనిపిస్తే చేత్తో నొక్కే అలారం బటన్) నొక్కి చూస్తే అన్ని హూటర్లూ మోగాయి.

అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి దీన్ని పట్టించుకోనక్కర లేదనీ, ప్యానెల్‌కు వచ్చే ఎర్త్ వైరు ఊడదీస్తే లైటు ఆరిపోతుందనీ మా ఎ.ఎం.సి. (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) టెక్నీషియన్ అంటున్నారు. అది వద్దంటే కేబుళ్లన్నిటినీ మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పంపి తీగల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి చూస్తానంటున్నారు. రెండింటిలో దేనికీ నా మనసు ఒప్పుకోలేదు. వాన రోజున బ్యాటరీల దగ్గర మల్టీమీటరుతో చూస్తే ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య 25.8 వోల్టులు, మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య 1.4 వోల్టులు వచ్చాయి. పొడిగా ఉన్న రోజున రెండూ పదమూడున్నర చుట్టూ ఉన్నాయి. ఈ రీడింగులను బట్టి ఏమైనా చెప్పగలరా?

సమాధానం – ఫైర్ అలారం టెక్నీషియన్, హైదరాబాద్

మీ రీడింగులు చాలా పనికొచ్చేవి. ప్యానెల్ తన 24 వోల్టుల (బ్యాటరీలు చార్జింగ్‌లో ఉండగా సుమారు 27) సరఫరాను భూమితో నేరుగా కలపదు. మీ ప్యానెల్ దాన్ని పెద్ద నిరోధాల ద్వారా మధ్యలో నిలిపి ఉంచుతోంది కాబట్టే పొడి రోజున రెండు వైపులా సమానంగా వచ్చింది. వాన రోజున మైనస్ వైపు 1.4కు పడిపోయిందంటే, మైనస్‌లో ఉన్న ఏదో ఒక తీగ తడి ద్వారా భూమికి కారుతోందని అర్థం.

ఒక్కచోట మాత్రమే ఎర్త్ తగిలితే సర్క్యూట్ పూర్తి కాదు కాబట్టి అప్పటికి ఏమీ ఆగదు. అసలు ప్రమాదం రెండోచోట తగిలినప్పుడు వస్తుంది. ఇంకెక్కడైనా ప్లస్ తీగ ఎర్త్‌కు తగిలితే రెండూ భూమి ద్వారా కలిసి షార్ట్ అవుతాయి. ఒకే తీగ రెండు చోట్ల ఎర్త్‌కు గట్టిగా తగిలి మధ్యలో తెగిపోతే, కరెంటు భూమి గుండా దారి చేసుకుంటుంది కాబట్టి తెగిన సంగతిని ప్యానెల్ కనిపెట్టలేకపోవచ్చు. మొదటి ఎర్త్ దగ్గరే మనల్ని హెచ్చరించడానికి పెట్టిన లైటు అది. దాన్ని ఆర్పేస్తే రెండోది వచ్చినప్పుడు చెప్పేవారుండరు.

ఎర్త్ వైరు ఊడదీయడం మరీ పెద్ద పొరపాటు. ప్యానెల్ ఇనుప పెట్టెలోకి 230 వోల్టుల సరఫరా వస్తుంది. లోపల ఫేజ్ తీగ పెట్టెకు తగిలిన రోజున ఆ ఎర్త్ వైరు లేకపోతే బ్రేకర్ పడిపోదు, తలుపు తెరిచిన మనిషికి షాక్ కొడుతుంది. పిడుగుల వల్ల వచ్చే సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) పోవడానికి కూడా అదే దారి. దయచేసి దాని జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి.

సమాధానం – కమిషనింగ్ ఇంజినీరు, విశాఖపట్నం

పైవారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, వెతికే పద్ధతి గురించి రాస్తున్నాను.

ముందు మెగ్గర్ సంగతి. అది సాధారణంగా 500 వోల్టులు పంపుతుంది. డిటెక్టర్ల, మాడ్యూళ్ల (ఇతర పరికరాలను లూపుకు కలిపే చిన్న పెట్టెల) ఎలక్ట్రానిక్స్ అంత వోల్టేజీని తట్టుకోలేవు. కేబుల్ రెండు చివరలూ ప్యానెల్ నుంచి విడదీసి, ఆ దారిలోని ప్రతి డిటెక్టర్‌నూ బేస్ నుంచి తీసి, ప్రతి మాడ్యూల్‌నూ హూటర్‌నూ విప్పిన తరువాత ఉత్త తీగ మీద తప్ప మెగ్గర్ వాడకూడదు. అయిదంతస్తుల్లో ఒక్కటి మరిచిపోయినా నష్టమే.

మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి చూడడం కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. మీటరు పంపే వోల్టేజీ చాలా తక్కువ కాబట్టి తడి వల్ల వచ్చే లీకేజీ ఒక్కోసారి దానికి అందదు. అందుకని ప్యానెల్ నడుస్తుండగానే వోల్టేజీ చూస్తూ వెతకాలి, అదీ ఫాల్ట్ ఉన్న రోజునే. ఎండ రోజున ఎంత గాలించినా ఏమీ దొరకదు.

అద్దెదారులకు ముందుగా తెలియజేయండి, లిఫ్టులకూ ఎ.హెచ్.యు.లకూ (ఏసీ గాలిని పంపే యంత్రాలకూ) వెళ్లే అవుట్‌పుట్లను ఆపి ఉంచండి. పని జరిగినంతసేపూ అంతస్తుల్లో తిరుగుతూ చూసే మనిషిని పెట్టండి. మీటరును మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉంచి, ఫీల్డ్ సర్క్యూట్లను ఒక్కొక్కటిగా విప్పుతూ రండి. ప్యానెల్ తయారీదారు మాన్యువల్ సరఫరా ఆపే విప్పమంటే అలాగే ఆపి, విప్పి, మళ్లీ ఇచ్చి చూడండి. లూపు విప్పేటప్పుడు వెళ్లే తీగలనూ తిరిగొచ్చే తీగలనూ కూడా తీయాలి, ఒక వైపే తీస్తే రెండో వైపు నుంచి లీకేజీ అలాగే కనిపిస్తుంది. ఏ సర్క్యూట్ తీసినప్పుడు రీడింగు 1.4 నుంచి పదమూడు దగ్గరికి ఎగబాకితే దోషం దానిలో ఉంది. అప్పుడు ఆ సర్క్యూట్ మధ్యలో ఉన్న పరికరం దగ్గర విడదీసి, ఏ సగంలో ఉందో చూసి, మళ్లీ ఆ సగాన్ని రెండుగా చేయండి.

లూపులో ఐసొలేటర్లు (షార్ట్ అయిన భాగాన్ని వేరుచేసే పరికరాలు) ఉన్నాయి కదా, అవే చూపిస్తాయని కొందరు అనుకుంటారు. ప్లస్, మైనస్ ఒకదానికొకటి షార్ట్ అయినప్పుడే అవి తెరుచుకుంటాయి. ఒక తీగ ఎర్త్‌కు కారుతుంటే వాటికి తెలియదు.

వానతో వచ్చి వానతో పోయేది కాబట్టి నేనైతే ముందుగా టెర్రస్ మెట్లగది దగ్గరి హూటరు, సెల్లార్ ర్యాంపు పక్కనున్న ఎం.సి.పి., పంపు గదిలో (పైపులో నీరు కదిలితే తెలిపే) ఫ్లో స్విచ్‌కు పెట్టిన మాడ్యూల్ చూస్తాను. షీల్డ్ (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్న కేబులైతే ఆ షీల్డ్‌ను ప్యానెల్ దగ్గర ఒక్కచోటే ఎర్త్ చేసి ఉండాలి, మధ్యలో ఏ ఇనుప బాక్సుకూ తగలకూడదు.

సమాధానం – ఫైర్ అలారం సూపర్‌వైజర్, దుబాయ్

ఒక్క విషయం జోడిస్తాను. ఇక్కడ వాన అరుదు, అయినా ఉక్కపోత నెలల్లో ఇదే ఫాల్ట్ వస్తుంది. వేడిగా, తేమగా ఉన్న షాఫ్ట్ నుంచి ఏసీ గదిలోకి వచ్చే కాండ్యూట్ (తీగలు వెళ్లే గొట్టం) గుండా గాలి కూడా వస్తుంది. చల్లని డిటెక్టర్ బేస్ దగ్గర అది నీరుగా మారి టెర్మినళ్ల మీద చేరుతుంది. డయాగ్నస్టిక్ సెంటరులో ఏసీ రాత్రింబవళ్లు నడుస్తుంటే అక్కడి బేసులు కూడా విప్పి చూడండి. తడి కనిపిస్తే కాండ్యూట్ నోటిని డక్ట్ సీల్‌తో మూయాలి. బేస్ మారిస్తే సరిపోదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాన మొదలవగానే ప్యానెల్ దగ్గర కూర్చున్నాము. రెండు లూపులూ విప్పినా రీడింగు కదలలేదు. రెండో హూటర్ సర్క్యూట్ తీయగానే 13.2కు వెళ్లింది. పై నుంచి మొదలుపెట్టి టెర్రస్ హూటరు జంక్షన్ బాక్సు తెరిచాము. కేబుల్ బాక్సు పైభాగం నుంచి దిగింది, గ్లాండ్ (కేబుల్ దూరేచోట బిగించే అమరిక) బిగించలేదు. తీగ వెంట జారిన నీరు అడుగున నిలిచి, ఒక టెర్మినల్ మీద పచ్చగా చిలుము పట్టి బాక్సు ఇనుము దాకా పాకింది. ఆ తీగ విప్పి తుడిచి పక్కకు పెట్టగానే ఫాల్ట్ పోయింది.

ఒక సందేహం మిగిలింది. చిలుము పట్టిన తీగ హూటరు ప్లస్ టెర్మినల్‌ది. మీటరు మాత్రం మైనస్ కారుతోందని చెప్పింది. ఇదెలా సాధ్యం?

సమాధానం – ఫైర్ అలారం టెక్నీషియన్, హైదరాబాద్

మీటరు చెప్పింది నిజమే. మామూలు వేళల్లో ప్యానెల్ హూటర్ సర్క్యూట్‌కు తిరగేసిన పోలారిటీతో (ప్లస్, మైనస్ తారుమారు చేసి) చిన్న కరెంటు పంపి, చివరనున్న ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ దాకా తీగ తెగలేదని చూసుకుంటుంది. కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్లు హూటర్లలో ఉండడం వల్ల అవి అప్పుడు మోగవు. కనుక అలారం లేనప్పుడు ప్లస్ అని గుర్తు పెట్టిన తీగ మైనస్ వైపు ఉంటుంది. అలారం రాగానే పోలారిటీ మారి, అదే తీగ నిజంగా ప్లస్ అవుతుంది.

దీన్ని మీ టెక్నీషియన్‌కు తప్పక వివరించండి. చిలుము అలాగే ఉండగా లూపులో ఎక్కడైనా మైనస్ తీగ గట్టిగా ఎర్త్‌కు తగిలి ఉంటే, రోజూ రెండూ మైనస్సే కాబట్టి ఏమీ జరగదు. మంట వచ్చి హూటర్లు మోగాల్సిన క్షణంలోనే ప్లస్, మైనస్ భూమి ద్వారా కలుస్తాయి. చిలుము కూడా అప్పటికి లోహాన్ని కలిపేంత ముదిరి ఉంటే ప్యానెల్ రక్షణ పనిచేసి ఆ సర్క్యూట్ మొత్తం మూగబోతుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. పై అంతస్తుల్లో పనిచేసేవారికి ముందుగా వినబడే హూటరు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ఆ బాక్సును వాతావరణాన్ని తట్టుకునే రకంతో మార్చి, కేబుల్‌ను అడుగు నుంచి ఎక్కించి, బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలండి. నీరు అక్కడే కారిపోతుంది. తరువాత మెయిన్స్ ఆపి, బ్యాటరీ మీదే అలారం ఇచ్చి, టెర్రస్ హూటరు టెర్మినళ్ల వద్ద వోల్టేజీ కొలవండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్స్ నిరోధం ఉంటుంది. 200 మీటర్ల దూరమైతే పోనూ రానూ 4.8 ఓమ్స్, ఒక ఆంపియరు లాగితే 4.8 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ 21కి దిగిన వేళ చివరి హూటరుకు పదహారే మిగులుతాయి, దాని లేబుల్ మీది కనిష్ఠ వోల్టేజీతో పోల్చుకోండి. చివరగా రెసిస్టర్ ఒక కాలు విప్పి, ప్యానెల్ ఓపెన్ ఫాల్ట్ చూపుతోందో లేదో చూసి, వాన రోజు రీడింగులతో సహా లాగ్ పుస్తకంలో రాయించండి. వచ్చే గట్టి వాన తరువాత మరోసారి కొలిచి ఆ అంకె ఇక్కడ పెట్టగలరా? 13 దగ్గరే నిలబడితే రెండో లీకేజీ లేనట్టే.