‘సతాం హి’ అన్నారా, ‘సదా హి’ అన్నారా? 1969 నాటి ఒక శ్లోకపాదం

మొల్లతోట:
1969 ఆగస్టు 20న రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కిస్తుంటే మా తాతగారు రేడియో ముందు కూర్చుని ఒక శ్లోకపాదం మళ్లీ మళ్లీ అనేవారని అమ్మ చెప్తుంది. ఆయన సంస్కృతం మాష్టారు. ఆ పాదం శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడిది, సందేహం కలిగిన విషయాల్లో సజ్జనులకు తమ అంతఃకరణం (మనసు) చెప్పిందే ప్రమాణం అనే శ్లోకంలోది. అమ్మ చెవిలో ఉన్నది ‘సదా హి సందేహపదేషు వస్తుషు’. నేను చదువుకున్నది ‘సతాం హి’. అమ్మ ఒప్పుకోదు, తాతగారు ఆ ‘దా’ను సాగదీసేవారంటుంది. ‘సదా’ అనే పాఠాంతరం ఎవరికైనా ఎక్కడైనా తగిలిందా? లేక ఆ రోజు కోసం ఆయనే మార్చారా?

పాతప్రతి:
నేను చూసిన ప్రతులన్నిట్లో ‘సతాం’ అనే ఉంది. రాఘవభట్టు వ్యాఖ్యతో వచ్చిన ప్రతిలోనూ అంతే. అంతకన్నా పాత సాక్ష్యం కావాలంటే మీమాంస పండితుడు కుమారిలభట్టు తంత్రవార్తికం చూడండి. ఆత్మతుష్టి (తన మనసుకు తృప్తి) ధర్మానికి ప్రమాణమవుతుందా అని చర్చిస్తూ ఈ పాదాన్ని ఎత్తుకున్నాడు, అక్కడా ‘సతాం’. కాళిదాసు కాలం తేల్చేవాళ్లు వాడుకునే చోటు కూడా అదే.

పెన్నాతీరం:
కుమారిలుడి దాకా వెళ్లక్కర్లేదు. ఛందస్సు చూడండి. ఇది వంశస్థ వృత్తం, గణాలు జ-త-జ-ర. ‘సతాం హి’ లఘువు గురువు లఘువు, ‘సదా హి’ కూడా అంతే. ఎవరైనా మార్చాలనుకుంటే గణం చెడకుండా మార్చగలిగిన చోటు అది. తాతగారు మాష్టారు కాబట్టి ఆ సందు ఆయనకు తెలుసు. కావాలనే మార్చారు, నాకు సందేహం లేదు.

ఎందుకంటారా? ఆ ఎన్నిక కథ గుర్తు చేసుకోండి. మా అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి గారిని బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు అభ్యర్థిగా నిలబెట్టింది. ఆయన నామినేషన్ మీద ఇందిరా గాంధీ స్వయంగా సంతకం చేశారు. తీరా ఓటింగు ముంగిట, ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వాళ్లు ఓటేయండి అన్నారు. సంతకం పెట్టేటప్పుడు లేని అంతరాత్మ నెల తిరక్కుండా ఎక్కడి నుంచి వచ్చింది? ‘సతాం’ అంటే సజ్జనుల అంతఃకరణే ప్రమాణం. ‘సదా’ అంటే ఎవరిదైనా, ఎప్పుడైనా ప్రమాణమే. ఆ పూట ఢిల్లీలో నడిచింది రెండోదే అని తాతగారి బాధ.

ఋషికుల్య:
పెన్నాతీరం గారూ, మీ జిల్లా అభిమానం నాకు అర్థమైంది, మాది బరంపురం. రెడ్డి గారి మీద పార్టీ లేకుండా పోటీ చేసిన వి.వి. గిరి గారి ఊరు. అనుమానం ఒకవైపే పుట్టినట్టు రాశారు, అది న్యాయం కాదు. సంజీవరెడ్డి గారి పేరు బోర్డులో ప్రధాని మాట కాదని నెగ్గింది, ఆవిడ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. ఆ తర్వాత పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్లి స్వతంత్ర పార్టీ, జనసంఘ్ నాయకులతో మాట్లాడారు. వాళ్ల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డి గారికి రావాలని ఆ మంతనాలు. రెడ్డి గారు గెలిస్తే ప్రధానినే దించేస్తారని ఇటువైపు భయపడ్డారు. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ మంతనాల మీద నిజలింగప్పను నిలదీస్తూ ఉత్తరం రాశారు, స్వేచ్ఛగా ఓటేయనివ్వమన్నారు. పైగా రాష్ట్రపతి ఎన్నిక రహస్య బ్యాలెట్. 55వ అధికరణమే ఆ మాట చెప్తుంది. అలాంటప్పుడు సభ్యుడు తన మనసుకు తోచినట్టు ఓటేయడంలో తప్పేముంది? తాతగారు ‘సతాం’ అనే అని ఉంటారు, గిరి గారు గెలుస్తున్నారని సంతోషంతో.

పెన్నాతీరం:
మనసుకు తోచినట్టు ఓటేయడం వేరు, తోచాల్సిందేమిటో పైనుంచి చెప్పడం వేరు. జులై 16న మొరార్జీ గారి చేతిలోంచి ఆర్థిక శాఖ తీసేశారు. 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు, దాని మీద తాత్కాలిక రాష్ట్రపతిగా గిరి గారి సంతకం. 20న ఆయన రాజీనామా, పోటీ. ఇది వరసగా చూసినవాడికి సందేహం రాకపోతే ఆశ్చర్యం.

పాతప్రతి:
ఇద్దరూ ఆగండి. ఇక్కడ ప్రశ్న ఒక అక్షరం గురించి.

తమ్మిచెరువు:
అక్షరం గురించే అయితే మీరెవరూ చూడనిది ఒకటుంది. ‘సందేహపదేషు’లో పదం. ‘పదం’ అంటే చోటు అనే కాదు, హోదా, స్థానం కూడా. మన ‘పదవి’ దాని చుట్టమే. హిందీలో ఇప్పటికీ ‘రాష్ట్రపతి పద్’ అంటారు. మాష్టారు చెప్పింది ‘సందేహపడ్డ పదవి’ అనే శ్లేష అయి ఉంటుంది. అప్పుడు మొదటి మాట సతాం అయినా సదా అయినా తేడా రాదు, పట్టంతా ‘పద’ దగ్గరే ఉంది.

పాతప్రతి:
‘వస్తుషు’ను ఏం చేస్తారు? ‘సందేహపదేషు’ దానికి విశేషణం. సందేహానికి చోటైన విషయాల్లో అని అన్వయం. పదవి అనే అర్థం పెడితే ‘వస్తుషు’ గాలిలో వేలాడుతుంది.

తమ్మిచెరువు:
శ్లేషకు పూర్తి అన్వయం అక్కర్లేదు సార్. రేడియో ముందు కూర్చున్న మనిషికి అసలే అక్కర్లేదు.

గౌతమిగట్టు:
అందరూ ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాటను అంతఃకరణానికి సమానంగా వాడేస్తున్నారు. నాకు అక్కడ అభ్యంతరం. కాళిదాసు రాసింది ‘అంతఃకరణప్రవృత్తయః’. మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం కలిస్తే అంతఃకరణం. కోరిక కూడా అందులోదే. ఆత్మ దానికి అతీతం. గీతలో ‘మద్గతేనాంతరాత్మనా’ అన్నప్పటి బరువు 1969లో పత్రికలు పట్టుకున్న అంతరాత్మకు లేదు. ఇంకోటి, ప్రబోధం అంటే మేలుకొలుపు. అంతరాత్మ మనల్ని మేల్కొలుపుతుందా, అంతరాత్మను ఇంకెవరో మేల్కొలుపుతారా? ఆ సమాసాన్ని రెండు రకాలుగానూ విప్పొచ్చు. ఇందిర వర్గం మొదటి అర్థంలో వాడింది, సిండికేట్ వాళ్లకు, అంటే పార్టీలో ఆవిడను ఎదిరించిన పెద్దలకు, రెండోది వినిపించింది. ఆ నవంబరులో పార్టీ చీలింది.

ఋషికుల్య:
బాగా చెప్పారు. అయితే కోరిక కూడా అంతఃకరణంలోదే అంటే దుష్యంతుడి మాట మొత్తం కూలిపోతుంది కదా. ఆయన శకుంతలను కోరుకున్నాడు, కాబట్టి ఆమె క్షత్రియుడు పెళ్లాడదగినదే అయి ఉండాలి అంటాడు.

గౌతమిగట్టు:
కూలిపోతుందని కాళిదాసుకూ తెలుసు. ఆ శ్లోకం అయిన వెంటనే దుష్యంతుడు ‘తథాపి తత్త్వత ఏనాముపలప్స్యే’ అంటాడు. అయినా సరే, ఈమె సంగతి నిజంగా ఏమిటో తెలుసుకుంటాను అని. అంతఃకరణం ప్రమాణమన్న నోటితోనే విచారణ కావాలన్నాడు. మనవాళ్లు శ్లోకం బట్టీపడతారు, పక్కనున్న ఈ చిన్న వచనాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో అంకం మొత్తంలో విలువైన వాక్యం అదే.

పెన్నాతీరం:
నేను కూడా అడిగేది ఆ విచారణనే. సంజీవరెడ్డి గారి మీద సెంట్రల్ హాల్లో పంచిన కరపత్రం సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఋషికుల్య:
వెళ్లింది, 1970లో గిరి గారు రాష్ట్రపతి హోదాలో ఉండి కూడా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఎన్నిక చెల్లదన్న పిటిషన్ కొట్టేశారు. అంతకు మించిన విచారణ ఏముంటుంది? ఓట్లలోనూ దాపరికం లేదు. మొదటి లెక్కింపులో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548. గెలవడానికి కావలసిన కోటా 4,18,169 ఎవరికీ అందలేదు. రెండో ప్రాధాన్యం కలిపాక 4,20,077, 4,05,427. నేను చెప్పిన ఆ మంతనాల ఓట్లు రెడ్డి గారికి దండిగానే వచ్చాయి, అయినా చాలలేదు.

మొల్లతోట:
అమ్మను మళ్లీ అడిగాను. రెండో ప్రాధాన్య ఓట్ల లెక్క మొదలైనప్పుడే తాతగారు ఆ పాదం అందుకున్నారట. గెలుపు ప్రకటించాక ఇంకేమీ అనలేదట. ఆయన ఎవరి వైపో అమ్మకు తెలియదు.

తమ్మిచెరువు:
చూశారా, ఫలితం తేలని సమయంలో అన్నారు. ‘సందేహపదం’ అప్పుడే అతుకుతుంది.

పెన్నాతీరం:
లేదు, ‘సదా’ అప్పుడే అతుకుతుంది. గెలుస్తారో ఓడిపోతారో తెలియనప్పుడు అందరికీ అంతరాత్మే దిక్కు.

పాతప్రతి:
నిజంగా ఆ రోజుకు తగిన పద్యం కావాలంటే తెలుగులోనే ఉంది. తిక్కన ఉద్యోగపర్వం, ‘సారపు ధర్మమున్ విమల సత్యము’. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభలో అంటాడు. తెలుగు మాష్టారైతే అదే అందుకునేవారు.

గౌతమిగట్టు:
ఆ పద్యం పేరెత్తితే నాకు నిద్రపట్టదు. ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’. వ్యాసుడిలో అక్కడున్నది ‘హతాస్తత్ర సభాసదః’. ధర్మం అధర్మం చేతిలో, సత్యం అబద్ధం చేతిలో చస్తుంటే చూస్తూ కూర్చున్న సభాసదులే చచ్చినవాళ్లు అని. తిక్కన ఆ సభాసదులను తీసేసి దక్షులను పెట్టాడు. సభలో కూర్చున్నంత మాత్రాన పాపం అంటదు, ఆపగలిగి ఆపనివాడికే అంటుంది. ఎంత గొప్ప మార్పు అది!

ఋషికుల్య:
గొప్పదేనా? రాష్ట్రపతిని ఎన్నుకునేది సభాసదులే, పార్లమెంటు వాళ్లూ శాసనసభల వాళ్లూ. ఒక్క ఓటున్న సభ్యుడు, నేను దక్షుణ్ణి కాదు, నాయకులు చెప్పినట్టు చేశాను అని తప్పించుకోవడానికి తిక్కన దారి ఇచ్చినట్టవుతుంది. వ్యాసుడు ఆ దారి మూసేశాడు.

గౌతమిగట్టు:
ఓటున్నవాడు ఆ పూటకు దక్షుడే అండీ. దక్షత పదవిని బట్టి రాదు, ఆ క్షణంలో ఆపగలిగే అవకాశాన్ని బట్టి వస్తుంది. తిక్కన ‘ఎవ్వారలు’ అని బహువచనంలో వదిలేసింది అందుకే. భీష్ముడూ వస్తాడు, పేరు తెలియని వాడూ వస్తాడు.

పెన్నాతీరం:
మీరిద్దరూ ‘దక్షులు’ దగ్గర ఆగిపోయారు. అసలు పట్టు ‘ఉపేక్ష’ దగ్గరుంది. ఉపేక్ష అంటే ఊరుకోవడమేనా, చూసీ చూడనట్టు ఉండటమా? వ్యాసుడి శ్లోకంలోనే ‘ప్రేక్షమాణానాం’ (చూస్తుండగా) అన్న మాటలో ఉన్న చూపు అందులో మిగిలే ఉంది. రెంటికీ ధాతువు ఈక్షే. ఓటింగు ముంగిట పార్టీ అడిగినా ఇందిర విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) ఇవ్వకుండా ఊరుకోవడం ఇందులో ఏదో మీరే చెప్పండి.

ఋషికుల్య:
రహస్య బ్యాలెట్‌కు విప్ ఇవ్వకపోవడం ఉపేక్ష ఎలా అవుతుందండీ? ముందు ఆ ధాతువు సంగతి తేలుద్దాం. ‘ఉప’ చేరినప్పుడు చూపు పోతుందనే నేను చదివాను.